సంక్రాంతికి ఊరెళ్లి తీరాలా? పండగ దాటాక వెళ్తే తప్పా?

కొబ్బరాకు (చర్చ మొదలుపెట్టినవారు)

తిట్టేవాళ్లు తిట్టొచ్చు, కాకపోతే పూర్తిగా చదివి తిట్టండి.

మాది కోనసీమ. ఉద్యోగం హైదరాబాద్‌లో. పెళ్లయినప్పటి నుంచి ఒక్క సంక్రాంతి కూడా తప్పలేదు. మామూలుగా ఎనిమిది, తొమ్మిది గంటల దారి. పోయినేడాది భోగి ముందురోజు బయల్దేరితే హైదరాబాద్ దగ్గర్లోనే ఉన్న చౌటుప్పల్ దాటేసరికే రెండు గంటలైంది, ఇల్లు చేరేసరికి పద్నాలుగు. చిన్నది దారిలో రెండుసార్లు కక్కుకుంది. దిగీ దిగగానే అమ్మ "ఇంత ఆలస్యమేంట్రా, అన్నం చల్లారిపోయింది" అంది. కసిరేశాను. చాలా నెలల తర్వాత ఎదురుగా నిలబడి అమ్మతో అన్న మొదటి మాట అదీ.

పండగ రోజు రాత్రి నాన్న కంటి ఆపరేషన్ ఎక్కడ చేయిద్దామని మొదలైన మాట, చెల్లి పెళ్లికి ఎవరెంత పెట్టారన్న దాకా పోయింది. మర్నాడు అన్న మాతో భోజనానికి కూర్చోలేదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, నేను మధ్యాహ్నమే కారు తీశాను. తిరిగొస్తుంటే లెక్కేసుకున్నా. మూడు రోజుల్లో అమ్మతో తీరిగ్గా కూర్చున్నది గంట కూడా లేదు.

ఈసారి (2026) జనవరి 14 భోగి, 15 పండగ, 16 కనుమ. రిపబ్లిక్ డే 26 సోమవారం పడింది, అంటే 24 నుంచి మూడు రోజులు సెలవు. రోడ్డు ఇంత ఘోరంగా ఉండదు, అమ్మకి వంటల హడావుడి ఉండదు. పండక్కి మానేసి అప్పుడు వెళ్తే ఏమవుతుంది? ఇంట్లో అంటే ప్రళయమే, అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నా.

తాటిముంజె

ఏమీ అవదు. నేను మూడేళ్లుగా ఇదే చేస్తున్నా. మొదటి ఏడాది అమ్మ ఏడ్చింది, రెండో ఏడాది అలిగింది. మూడో ఏడాది "మీరు పండగయ్యాక రండి, అప్పుడైతే మీతో మాట్లాడొచ్చు" అని తనే అంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు పొద్దున 8కి తెరిస్తే 8:03కి వెయిటింగ్ లిస్టు. ఆ యుద్ధంలో గెలిచి ఊరెళ్లినవాడు ఇంకా యుద్ధంలో ఉన్నట్టే మాట్లాడతాడు, అది సహజం.

పెద్దలపండగ

క్షమించాలి, ఒప్పుకోను. సంక్రాంతి సెలవు కాదు బాబూ. పెద్దలకి పెట్టుకునే రోజు. మా నాన్నగారు పోయిన ఏడాది ఆయన పేరిట కొత్త పంచె పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. ముగ్గురు అన్నదమ్ములం ఒక్క వరసలో నిలబడ్డాం. పది రోజులాగి రిపబ్లిక్ డేకి ఎవరికి పెడతారు? మీ వీలుకి తిథి జరగదు. ఇంకో మాట. ఆ మూడు రోజులూ వీధిలో అందరి ఇళ్లముందూ కార్లుండి మీ ఇంటిముందు లేకపోతే మీ అమ్మగారు ఎంతమందికి సమాధానం చెప్పాలో ఊహించండి.

తాటిముంజె

వీధికి సమాధానం చెప్పడానికి పద్నాలుగు గంటలు కారులో కూర్చోవాలా అండీ? ముందు మాట మాత్రం కాదనను, పెద్దలకి పెట్టుకోవడం వేరు.

నైట్_డ్యూటీ

నర్సుని. పండగ నాడు వార్డులో ఉంటాను, కాబట్టి వెళ్లాలా వద్దా అన్న బాధ నాకు లేదు. ఒక్కటే చెప్తా. ఇల్లు కనపడగానే దిగిపోకండి. వీధి మొదట్లో ఆపి, నీళ్లు తాగి, ఐదు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే పొడుగ్గా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే ఇది పనిచేస్తుంది. అంతసేపు ప్రయాణం చేసినవాళ్లకి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ కాదు. అమ్మ మీద కసురుకోవడం తప్పేది.

పెద్దకోడలు

ఊపిరి సలహా బావుందమ్మా. పొయ్యి ముందు నిలబడి కూడా పనిచేస్తుందా?

ఇంతసేపూ రోడ్డు గురించీ తిథి గురించీ మాట్లాడారు. పండక్కి మా ఇంట్లో పదకొండు మంది. అరిసెలకి ముందురోజే బియ్యం నానబోయాలి, వడకట్టి తడిపిండి పట్టించాలి, ఆ తడి ఆరకముందే పాకం పట్టాలి. పాకం ఒక్క నిమిషం ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. సరిగ్గా ఆ నిమిషానికి హాల్లోంచి పిలుపు: "ఎప్పుడూ ఆ వంటింట్లోనేనా, వచ్చి మాతో కూర్చోవచ్చుగా!" ఎలా కూర్చుంటామండీ? కూర్చుంటే అరిసెలెవరు ఒత్తుతారు? కొబ్బరాకు గారూ, అమ్మతో గంట కూడా కూర్చోలేదన్నారు. ఆవిడ పొయ్యి దగ్గరే ఉన్నారు కదా, మీరే వెళ్లి పక్కన నిలబడి అరిసెల చెక్కలు పట్టుకోవాల్సింది. పక్కన మీ ఆవిడ కూడా ఉండి ఉంటుంది, నాకు తెలుసు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పండక్కి ఆడపిల్లలు పుట్టింటికి రావాలంటారు. మీ ఆవిడ ఆడపిల్ల కాదా? పెళ్లయినప్పటి నుంచి మీకు ఒక్క పండగ తప్పలేదంటే ఆవిడకి ఎన్ని తప్పాయో?

కొబ్బరాకు

వాళ్లది తెనాలి. వెళ్తూనో వస్తూనో ఒక పూట ఆగుతాం... ఇలా రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది.

ఊళ్లో_ఉన్నోడు

నేను ఇలాంటి కథలో అన్నని. పేరుకి తమ్ముణ్ణే గానీ ఊళ్లో ఉండి అమ్మానాన్నల్ని చూసుకునేది నేను.

కొబ్బరాకు, మీ అన్న భోజనానికి ఎందుకు కూర్చోలేదో చెప్పనా? ఆపరేషన్ ఖర్చు గురించి కాదు. నాన్నని నెలనెలా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది ఆయన. చుక్కలు వేసేది మీ వదిన. పండక్కి వచ్చినవాడు మూడో పూటకల్లా "ఇంకా ఎందుకు చేయించలేదు, హైదరాబాద్‌లో నాకు మంచి డాక్టర్ తెలుసు" అంటే ఎలా ఉంటుంది? మాకూ తెలుసు మంచి డాక్టర్లు. మా బావ ఏటా వచ్చి మోటారు ఎందుకు మార్చలేదంటాడు, గోడకి చెమ్మ చూపిస్తాడు, మా నాన్న ఉప్పు తింటున్నాడని మా ఆవిడకి క్లాసు పీకుతాడు. కనుమ అయ్యాక కారెక్కుతాడు. చెమ్మా, ఉప్పూ, మేమూ మిగుల్తాం.

అందుకని 26కి వస్తే అన్నీ సర్దుకుంటాయనుకోకండి. పండగ సందట్లో అయితే మీ సలహాలు సగం కొట్టుకుపోతాయి. ఖాళీగా వస్తే మూడు రోజులూ మా మీదే. (నవ్వుకోండి, కానీ నిజం.) సలహా ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అన్నయ్యా, ఈ నెల నేనేం చెయ్యను?"

కండక్టర్_గారబ్బాయి

మా నాన్న ఆర్టీసీ. నా చిన్నప్పుడు ఒక్క భోగికీ ఇంట్లో లేడు. పండగ ముందు హైదరాబాద్ నుంచి నిండా వెళ్లిన స్పెషల్ బస్సు మళ్లీ జనాన్ని ఎక్కించుకోవడానికి ఖాళీగా వెనక్కి రావాలి. పండగయ్యాక అదే తలకిందులు. ఆ ఖాళీ ట్రిప్పులో డ్రైవరూ, నాన్నా క్యారియర్ విప్పి తిన్న గారెలే మా నాన్న పండగ. మేం ఇంట్లో పండగ 19నో 20నో చేసుకునేవాళ్లం. మాకేం తక్కువ కాలేదు. తిథి గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు మిమ్మల్ని ఊరు చేర్చినవాళ్ల తిథి ఏమైందో ఒకసారి అడగండి.

జమ్మిచెట్టు

మా తెలంగాణ దిక్కు సంక్రాంతి అంటే పతంగులు, సకినాలు. అసలు పండుగ దసరా. అయినా ముచ్చట ఒక్కటే గాబట్టి చెప్తున్న.

మా బాపు, మా చిన్నాయన పొలం గెట్టు పంచాయతీల రెండేండ్లు మాట్లాడుకోలే. దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకొని ఇంటింటికి పోవాలె గదా, బంగారమని చేతిల పెట్టి చిన్నోళ్లు పెద్దోళ్ల కాళ్లు మొక్కాలె. మా చిన్నాయన వచ్చిండు. ఏం అనలే. ఆకు చేతిల పెట్టిండు, మొక్కిండు, పోయిండు. మా బాపు ఆ ఆకు ఎన్నడో ఎండిపోయేదాంక అంగీ జేబుల పెట్టుకున్నడు. అదే చిన్నాయన పది రోజులైనంక వస్తే? "ఏం పని మీద వచ్చినవ్?" అంటుండె మా బాపు. పండుగ నాడు వస్తే ఎందుకొచ్చినవని ఎవ్వరూ అడగరు. మాట పడిపోయినోళ్లకు గా ఒక్కరోజే దారి.

అన్నా, నీకు మీ అన్నతోని మాట పడిపోయిందని రాసినవ్. 26 నాడు ఏం చెప్పి పోతవ్?

(2025ల దసరా అక్టోబర్ 2 నాడే పడ్డది, గాంధీ జయంతి. మటన్ దుకాణం బంద్, మందు దుకాణం బంద్. ముందురోజే తెచ్చి పెట్టుకున్నోళ్లు పెట్టుకున్నరు, అది వేరే ముచ్చట.)

డల్లాస్_దూరం

మీకు 14 గంటలైనా రోడ్డుంది. మీ భోగి మంట తెల్లవారుజామున నాలుగున్నరకైతే మాకు ముందురోజు సాయంత్రం 5. 2025లో అది ఆదివారం పడి బతికిపోయాం, ఈసారి మంగళవారం, మీటింగుల మధ్య. మొదట్లో వీడియో కాల్లో అందరితో మాట్లాడాలని చూసేవాణ్ణి. ఫోను చేతులు మారేది, "బావున్నావా, బావున్నాం" తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఫోన్ని అరుగు మీద చెంబుకి ఆనించమంటున్నా. నేను ఇక్కడ వంట చేసుకుంటూ ఉంటాను, వాళ్లు వాళ్ల గొడవలో ఉంటారు. ముగ్గు వేస్తూ అమ్మ చుట్టుపక్కల వాళ్లని తిట్టడం వినపడుతుంది. చాలు.

కొబ్బరాకు

రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నా. జమ్మిచెట్టు గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నిజంగా 26న ఏం చెప్పి వెళ్లాలి?

నిన్న అమ్మకి ఫోన్ చేశా. పండక్కి రాలేనేమో అన్నాను. అరవలేదు. "మీ నాన్న కనుమకి జగ్గన్నతోట తీర్థానికి వెళ్తానంటున్నాడు. ఒక కన్ను ఇంకా మసకే. ఆ జనంలో చెయ్యి పట్టుకోడానికి ఒకళ్లుండాలి, మీ అన్నేమో ప్రభ మొయ్యాలి" అంది. బయటివాళ్లకి చెప్తున్నా, పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి) ఒకచోటికి వచ్చే రోజది. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక ఏట్లోకి దింపి, నీళ్లలోంచి భుజాల మీద ఒడ్డుకి ఎక్కిస్తారు. పోయినేడాది ఆ టైముకి నేను విజయవాడ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను.

కాబట్టి కారు లేదు. మా ఆవిడా పిల్లలూ 12వ తేదీనే తెనాలి. నేనొక్కణ్ణే ఊరికి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ 63, అది కన్ఫర్మ్ అయ్యేలా లేదు. బస్సులో చివరి వరస దొరికింది.

పెద్దకోడలు

తెనాలి వెళ్తున్నావిడకి నా శుభాకాంక్షలు చెప్పండి. మరి మీ వదినగారో?

కొబ్బరాకు

అన్నకి మెసేజ్ పెట్టా. వదిన పుట్టిల్లు గంట దారే. పండగ నాడు పెద్దలకి పెట్టుకున్నాక ఆవిణ్ణి అక్కడ దింపి, కనుమ వంట మనిద్దరం చేద్దామన్నాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "గారెలు నీకొచ్చా?" అంతే. మాట్లాడాడు కదా, అదే పదివేలు.

నాకు రావు. ఎవరైనా చెప్పండి, పిండి ఎంత జారుగా ఉండాలి?

పెద్దకోడలు

జారుగా ఉంటే నూనె తాగేస్తాయి, మీ అన్న మళ్లీ భోజనానికి కూర్చోడు. మినప్పప్పు మూడు నాలుగు గంటలు నానితే చాలు. నీళ్లు పొయ్యకండి, చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బండి. ఉప్పు ఆఖర్న.