గ్రామైక్య సంఘం ఆధ్వర్యంలో ఊరి దుకాణం: ముందు భవనం కట్టాలా, ముందు వ్యాపారం మొదలుపెట్టాలా?

ప్రశ్న: గ్రామైక్య సంఘం లెక్కలు చూసే సభ్యురాలు, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. మాది కంది, మిరప, పొగాకు పండే మెట్ట గ్రామం. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కిరాణా కొట్టును దాని యజమాని వయసు మీరడంతో రెండేళ్ల క్రితం మూసివేశారు. అప్పటి నుంచి పావుకిలో చింతపండు కావాలన్నా 14 కిలోమీటర్ల దూరంలోని మండల కేంద్రానికి ఆటోలో వెళ్లవలసి వస్తోంది. ఒంటరిగా ఉండే వృద్ధులు ఎవరో ఒకరు తెచ్చిపెట్టేదాకా ఎదురుచూడటం నేను రోజూ చూస్తున్నాను.

మా గ్రామైక్య సంఘంలో 21 పొదుపు సంఘాలు, 212 మంది సభ్యులు ఉన్నారు. హైదరాబాద్‌లో స్థిరపడిన మా ఊరి కుటుంబం ఒకటి బస్సు ఆగే చోట 12 సెంట్ల స్థలం ఇస్తామని మాట ఇచ్చింది. ముందు భాగంలో కిరాణా దుకాణం, వెనుక కారం, పసుపు ఆడించే మర, పైన కుట్టు మిషన్లకు హాలు ఉండేలా భవనం కట్టాలని అనుకున్నాము. మేస్త్రీ 28 లక్షలు అవుతుందన్నారు. మా చేతిలో ఉన్నది 6 లక్షలు. భవనం లేకపోతే ఎవరూ నమ్మరని కొందరు, అప్పు చేసి కట్టవద్దని కొందరు అంటున్నారు. పంట ఇంటికి వచ్చేదాకా ఊరంతా అరువు మీదే బతుకుతుంది కనుక, అరువు ఇవ్వని కొట్టుకు ఎవరు వస్తారన్నది ఇంకో సందేహం. ఆస్తి ఎవరి పేరున ఉండాలో కూడా తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: సహకార శాఖ విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

అమ్మా, మీ చివరి సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలా ఊళ్లలో పని చెడేది అక్కడే. స్థలం ఇస్తామన్న నోటిమాట చట్టం ముందు నిలవదు. స్థిరాస్తి దానం రిజిస్టరైన దానపత్రం ద్వారానే చెల్లుతుంది. ఆ కుటుంబంలో వాటా ఉన్న వారందరూ సంతకాలు చేయాలి. ఒకవేళ వారు లీజుకే ఇస్తామంటే, ఏడాదికి మించిన లీజును కూడా రిజిస్టరు చేయించవలసిందే. ఆ కాగితం చేతికి రాకముందు ఆ నేలలో ఒక్క గునపం పోటు కూడా వేయవద్దు.

పొదుపు డబ్బును, వ్యాపారం డబ్బును ఒకే ఖాతాలో కలపడం ప్రమాదం. సరుకు పాడై నష్టం వస్తే, ఏ సంబంధమూ లేని సభ్యురాలి పొదుపు పోతుంది. అందువల్ల దుకాణానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద విడిగా ఒక సంఘం పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది ఉంటే దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వ వాటాధనం ఉండదు కనుక నియమావళి రాసుకునే స్వేచ్ఛా, దానితోపాటు పూర్తి బాధ్యతా సభ్యులవే. పురుషులను చేర్చుకోవాలా వద్దా అన్నది కూడా ఆ నియమావళిలోనే తేల్చుకోవచ్చు.

అరువు గురించి పాత సంగతి ఒకటి చెప్పాలి. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో నేత కార్మికులు, ఇతర పనివారు కలిసి 28 మంది పెట్టిన సహకార దుకాణం అద్దెకు తీసుకున్న గిడ్డంగి కింది భాగంలో, పిండి, వెన్న, చక్కెర వంటి నాలుగైదు సరుకులతో మొదలైంది. వారు అరువు ఇవ్వలేదు. బజారు ధరకే అమ్మి, మిగులును ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన సభ్యులకే తిరిగి పంచారు. మన దగ్గర కూడా 1956లో విశ్వనాథరెడ్డి గారి చొరవతో మొదలైన, తెలంగాణలోని ముల్కనూరు గ్రామ సహకార సంఘం ఈనాటికీ నిలబడి ఉంది. ఒకసారి బస్సు మాట్లాడుకుని వెళ్లి చూసి రండి. నా మాటలకన్నా అక్కడి సభ్యుల మాటలు మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

సమాధానం 2: మహిళా సంఘం దుకాణం నడుపుతున్న సభ్యురాలు, సిద్దిపేట జిల్లా

అక్కా, అరువు ఇవ్వకపోతే ఎవరూ రారని మేమూ మీలాగే భయపడి తప్పు చేశాము. మొదటి ఏడాది అడిగిన వారందరికీ అరువు ఇచ్చి ఖాతా రాశాము. ఏడాది తిరిగేసరికి సరుకు తిరగడం ఆగిపోయింది. మా పెట్టుబడి అంతా చిట్టా పుస్తకంలో అంకెలుగా మిగిలింది. బాకీ ఉన్న వారు ముఖం చెల్లక మా దుకాణం ముందు నుంచి నడవడం కూడా మానేశారు. డబ్బు పోయిన బాధకన్నా అది ఎక్కువ బాధ.

తర్వాత మేము దుకాణంలో అరువు పూర్తిగా ఆపివేశాము. అవసరం ఉన్న సభ్యురాలు తన పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, దానితో దుకాణంలో నగదుకు కొంటుంది. అప్పు ఇచ్చే పని సంఘానిది, సరుకు అమ్మే పని దుకాణానిది. ఈ ఒక్క మార్పుతో వసూలు మళ్లీ సంఘం సమావేశంలో, పది మంది ఎదుట జరగడం మొదలైంది.

మొదట చిన్న అద్దె గదిలో మొదలుపెట్టండి. ఏ సరుకు వారానికి ఎంత పోతుందో ఆరు నెలలు రాస్తే తప్ప ఎంత గోదాము కావాలో ఎవరూ చెప్పలేరు. మాకు బియ్యం అసలు కదలలేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లో రేషన్ బియ్యమో, పండించిన బియ్యమో ఉంది. నూనె, సబ్బులు, బెల్లం, పిల్లల నోటు పుస్తకాలు, పశువుల దాణా మాత్రం తెచ్చినవి తెచ్చినట్లే అమ్ముడయ్యాయి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మొదటి రోజు నుంచే తీసుకోండి. అమ్మకానికి కూర్చునే వారికి ఎంత చిన్నదైనా నెల జీతం ఇవ్వండి. వంతులవారీగా ఉచితంగా కూర్చుందామనుకుంటే నాట్ల సమయంలో దుకాణానికి తాళం పడుతుంది.

సమాధానం 3: సివిల్ ఇంజనీరు, ఒంగోలు

పై ఇద్దరి మాటతో ఏకీభవిస్తూ భవనం గురించి మాత్రమే చెబుతాను. కారం మరను కిరాణా గదికి ఆనించి కట్టవద్దు. ఆ ఘాటు టీ పొడికీ బిస్కెట్లకూ పడుతుంది, పైన కుట్టే వారు ఒక్క గంట కూడా కూర్చోలేరు. మరను స్థలం వెనుక మూలలో విడి షెడ్డులో, గాలి వాలు చూసి పెట్టండి. దానికి త్రీ ఫేజ్ కరెంటు, వేరే మీటరు అవసరం.

పునాదులు, స్తంభాలు పై అంతస్తు బరువుకు తగినట్లు ఇప్పుడే వేసి, ప్రస్తుతానికి కింది గదులకే స్లాబు వేయండి. పైకి వదిలిన కడ్డీలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి కప్పి ఉంచాలి. దుకాణం నేలమట్టం రోడ్డుకన్నా ఎత్తుగా ఉండాలి, మెట్లతోపాటు వాలు దారి కూడా ఉండాలి. ముందు వెడల్పాటి అరుగు తప్పకుండా వేయించండి. బస్సు కోసం నిలబడే వారు కూర్చుంటారు, కూర్చున్న వారే కొంటారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ సమాధానాలను నిన్నటి సమావేశంలో చదివి వినిపించాను. మూతపడిన పాత కొట్టునే ఏడాదికి అద్దెకు అడగాలని నిర్ణయించాము. ఈ ఉదయం వెళ్లి అడిగితే, ఆ పెద్దాయన అద్దె మాట పక్కన పెట్టి, బెల్లం ఎక్కడ కొనాలో, పప్పుకు పురుగు పట్టకుండా ఎలా దాచాలో మొదటి నెల తానే వచ్చి కూర్చుని నేర్పుతానన్నారు. స్థలం ఇస్తామన్న కుటుంబానికి దానపత్రం గురించి ఈ వారమే ఫోన్ చేస్తాము.