అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది: సర్వర్‌లో పాడైన ప్యాకేజీలను బాగుచేయడం ఎలా?

ప్రశ్న (మహారాణిపేట, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. పెద్దాసుపత్రి దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ల పనంతా నేనే చూస్తాను. సర్వర్‌లో ఉబుంటు 22.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. రిపోర్టులు, బిల్లులు, పాత రోగుల వివరాలు అన్నీ అందులోనే. ఆదివారం మధ్యాహ్నానికే ల్యాబు మూసేస్తాం కాబట్టి ఈ రోజు రాత్రి తొమ్మిదిన్నరకు అప్‌డేట్ మొదలుపెట్టాను. సగం దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు కూతపెట్టి ఆగిపోయింది.

కరెంటు వచ్చాక సర్వర్ లేచింది, రిపోర్టుల ప్రోగ్రాం కూడా తెరుచుకుంటోంది. కానీ ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ మూటల) ఆదేశం ఏది ఇచ్చినా, పని మధ్యలో ఆగింది, ముందు 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' (సగంలో ఉన్న ప్యాకేజీలను పూర్తిచేసే ఆదేశం) నడపమంటోంది. అది నడిపితే, టీజెడ్‌డేటా (టైమ్ జోన్ల సమాచారం) ప్యాకేజీ ఫైళ్ల జాబితాకు చివరి పంక్తి ముగింపు లేదని చెప్పి అక్కడికక్కడే ఆగిపోతోంది. పొద్దున్న ఆరున్నరకే పరగడుపున రక్తం ఇవ్వడానికి జనం వస్తారు. సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించడం తప్ప దారి లేదా? దయచేసి ఎవరైనా చెప్పండి.

సమాధానం (అక్కయ్యపాలెం)

లాక్ ఫైలు మిగిలిపోయి ఉంటుందండీ. డీపీకేజీ ఫోల్డర్‌లో లాక్ పేరుతో ఉన్నవన్నీ తీసేసి మళ్లీ అప్‌డేట్ కొట్టండి. నాకు ఒకసారి అలాగే పనిచేసింది.

సమాధానం (ఎంవీపీ కాలనీ)

తమ్ముడూ, లాక్ ఫైళ్ల జోలికి వెళ్లవద్దు. పై మిత్రులు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఈ సలహా వల్ల చెడిన సర్వర్లను నేను చూశాను. ఆ ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఏ పనీ జరగనప్పుడు కూడా ఉంటుంది. ఫైలు ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. నడుస్తున్న ప్రోగ్రాం దాని మీద కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) దగ్గర తాళం తీసుకుంటుంది, ప్రోగ్రాం ఆగగానే తాళం దానంతట అదే విడిపోతుంది. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తున్నప్పుడు ఆ ఫైలు తీసేస్తే, ఒకే పద్దుపుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రాసినట్టు అవుతుంది. పైగా మీకు వచ్చిన సందేశం తాళం గురించి కాదు.

సిస్టమ్ మళ్లీ ఎక్కించే అవసరం కూడా ఇప్పటికి కనిపించడం లేదు. ఆదేశాలు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప మీరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

అన్నిటికంటే ముందు నకలు. రిపోర్టుల డేటాబేస్‌ను డంప్ తీసి వేరే కంప్యూటర్‌లోకి పంపండి. ఆ తర్వాత /వార్/లిబ్/డీపీకేజీ ఫోల్డర్ మొత్తాన్ని 'సీపీ -ఏ' తో ఇంకో చోట దాచండి. ఈ రెండూ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, నేను చూసే ఆఫీసులో సర్వర్, దాని నకలు ఉన్న డిస్కు ఒకే బల్ల మీద ఉండేవి. కిటికీ అద్దం పగిలి రెండూ ఒకేసారి తడిశాయి. అందుకే వేరే కంప్యూటర్ అని గట్టిగా చెబుతున్నాను.

నకలు అయ్యాక 'డీఎఫ్ -హెచ్' కొట్టి డిస్కులో జాగా ఉందో లేదో చూడండి. సిస్టమ్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే /బూట్ నిండిపోయినా సగం ప్యాకేజీలు ఇలాగే ఆగుతాయి. 'డీమెసేజ్' (డి-ఎం-ఇ-ఎస్-జి అని కొట్టాలి; కెర్నెల్ సందేశాల చిట్టా) లో డిస్కు చదవలేకపోయినట్టు పంక్తులు ఉంటే పని ఆపి ఇక్కడ రాయండి.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కించిన ప్రతి ప్యాకేజీకి /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో లో ఒక లిస్ట్ ఫైలు ఉంటుంది. ఆ ప్యాకేజీ ఏయే ఫైళ్లను ఎక్కడ పెట్టిందో పంక్తికి ఒకటి చొప్పున అందులో రాసి ఉంటుంది. డిస్కు తన క్యాష్‌లో ఉంచుకుని, రాసేశానని చెప్పిన సమాచారం కరెంటు పోగానే గల్లంతవుతుంది. ఫైలు పేరు, సైజు మిగులుతాయి, లోపల మాత్రం సున్నాలే ఉంటాయి. టీజెడ్‌డేటా లిస్ట్ ఫైలును 'ఓడీ -సీ' తో తెరిచి చూడండి. ఏం కనిపించిందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు (మహారాణిపేట)

సార్, మీరు చెప్పినట్టే డేటాబేస్ నకలు నా ల్యాప్‌టాప్‌లోకి తీశాను, డీపీకేజీ ఫోల్డర్‌నూ తీశాను. జాగా చాలినంత ఉంది. డీమెసేజ్‌లో డిస్కు గురించి ఏమీ లేదు. టీజెడ్‌డేటా లిస్ట్ తెరిస్తే ఒక్క అక్షరం కూడా లేదు, బారులు తీరిన సున్నాలు.

సమాధానం (ఎంవీపీ కాలనీ)

అనుకున్నదే. ఇలాంటిది ఒక్కటే ఉండదు. లోపల సున్నాలు నిండిన లిస్ట్ ఫైళ్లను గ్రెప్‌తో, పూర్తిగా ఖాళీ అయిన వాటిని 'ఫైండ్ -ఎంప్టీ' తో వెతికి, పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిని చెరిపేయకుండా పక్క ఫోల్డర్‌లోకి తరలించండి. అప్పుడు 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' ముందుకు సాగుతుంది. జాబితా లేదు, ఈ ప్యాకేజీకి ఫైళ్లు లేవనుకుంటున్నాను అని హెచ్చరిస్తుంది. కంగారు పడవద్దు.

తర్వాత 'ఆప్ట్-గెట్ క్లీన్'. సగం దిగిన, చెడిన డెబ్ (ప్యాకేజీ) ఫైళ్లు క్యాష్‌లో ఉంటే మళ్లీ వాటినే ఎక్కించే ప్రమాదం ఉంది. ఆపై 'ఆప్ట్-గెట్ అప్‌డేట్', 'ఆప్ట్-గెట్ -ఎఫ్ ఇన్‌స్టాల్'. చివరగా కాగితం మీది ప్రతి ప్యాకేజీకీ 'ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్'. దాంతో జాబితా తిరిగి పుడుతుంది, ఫైళ్లూ కొత్తగా పడతాయి.

సమాధానం (మధురవాడ)

సార్ చెప్పిన దారి సరైనది. రెండు విషయాలు కలుపుతాను. జాబితాలు కాకుండా ప్యాకేజీల స్థితి రాసి ఉండే స్టేటస్ ఫైలే పాడైతే అదే ఫోల్డర్‌లో దాని పాత నకలు స్టేటస్-ఓల్డ్ ఉంటుంది. అది కూడా పోతే /వార్/బ్యాకప్స్ లో గత కొద్ది రోజుల నకళ్లు ఉంటాయి. పాత నకలు పెట్టినప్పుడు, ఆ తర్వాత మారిన ప్యాకేజీలేవో /వార్/లాగ్/డీపీకేజీ.లాగ్ లో చూసుకుని వాటిని మళ్లీ ఎక్కించాలి.

రెండోది, తొందరపడి రీబూట్ చేయకండి. ఈ అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ ఉండి, దాని ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ (సిస్టమ్ లేచేటప్పుడు మొదట వాడే ఫైలు) సగంలో ఆగిపోయి ఉంటే యంత్రం లేవదు. ప్యాకేజీల పని ముగిశాక 'అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ -యు -కే ఆల్', ఆ వెంటనే 'అప్‌డేట్-గ్రబ్' (బూట్ మెనూను తాజాపరిచే ఆదేశం) నడపండి. రీబూట్ మాత్రం రేపు రాత్రికి పెట్టుకోండి. పొద్దున్న రోగుల ముందు ఆ పరీక్ష వద్దు.

ప్రశ్న అడిగినవారు (మహారాణిపేట)

సార్, మేడమ్, ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఒంటిగంటన్నర అయింది. సున్నాలు నిండినవి నాలుగు, ఖాళీవి రెండు దొరికాయి. ఆరింటినీ పక్కకు తీశాక కాన్ఫిగర్ చివరిదాకా వెళ్లింది. ఆరు ప్యాకేజీలూ మళ్లీ ఎక్కాయి. 'డీపీకేజీ --ఆడిట్' ఏమీ చెప్పకుండా ముగిసింది. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్, గ్రబ్ కూడా అయ్యాయి. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

సమాధానం (ఎంవీపీ కాలనీ)

ఇంకొక్కటి. లెక్కలు సరిపోయినంత మాత్రాన సరుకు బాగున్నట్టు కాదు. 'డీపీకేజీ -వీ' నడపండి, వీ మాత్రం పెద్ద అక్షరం. ప్రతి ఫైలు చెక్‌సమ్‌ను (లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన సంఖ్యను) ప్యాకేజీలో రాసి ఉన్న దానితో పోల్చి, తేడా ఉన్న వాటినే చూపిస్తుంది. పంక్తి మొదట ప్రశ్నార్థకాల మధ్య 5 అంకె ఉంటే ఆ ఫైలు మారినట్టు. పక్కన సీ అక్షరం ఉంటే అది సెట్టింగుల ఫైలు. మీరు చేత్తో మార్చినవే అయితే వదిలేయండి. సీ లేకుండా 5 ఉన్న ఫైలు మాత్రం అనుమానించదగ్గదే. 'డీపీకేజీ -ఎస్' (ఎస్ పెద్ద అక్షరం) తో అది ఏ ప్యాకేజీదో తెలుసుకుని మళ్లీ ఎక్కించండి.

అలాగే 'స్మార్ట్‌సీటీఎల్ -ఏ' తో డిస్కు ఆరోగ్యం చూడండి. 5, 197 నంబర్ల వరుసల్లో చివరి విలువ సున్నా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు (మహారాణిపేట)

సీ లేకుండా 5 ఉన్నవి రెండు ఫైళ్లు వచ్చాయి సార్. రెండూ ఒకే లైబ్రరీ ప్యాకేజీవి, నా కాగితం మీద లేని పేరు. మళ్లీ ఎక్కించాక రెండు పంక్తులూ పోయాయి. మీరు చెప్పకపోతే అది అలాగే ఉండిపోయేది. డిస్కులో 5వ వరుస సున్నా. 197వ వరుసలో మాత్రం 8 ఉంది. ఇది కరెంటు వల్లా, డిస్కు వల్లా?

సమాధానం (ఎంవీపీ కాలనీ)

197 అంటే డిస్కు చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు. రాస్తుండగా కరెంటు పోయినా అలా ఏర్పడవచ్చు, డిస్కు అరిగిపోయినా ఏర్పడవచ్చు. ఇప్పుడు తేల్చలేం. మళ్లీ రాసినప్పుడు ఆ సంఖ్య సున్నాకు వచ్చి, 5వ వరుస (డిస్కు మార్చేసిన చెడ్డ సెక్టార్ల లెక్క) పెరగకపోతే కరెంటుదే తప్పు. 8 కాస్తా 16 అయితే ఆలోచించవద్దు, డిస్కు మార్చండి. రోగుల రిపోర్టులు ఉన్న చోట నేనైతే ఇప్పుడే మార్చేస్తాను. డిస్కు ధర కంటే పోయిన రిపోర్టు కోసం మళ్లీ సూది గుచ్చించుకునే మనిషి బాధ ఎక్కువ.

బ్యాటరీ సంగతి మాత్రం తేలిపోయింది. రెండు నిమిషాలకే ఆగిపోయే యూపీఎస్ ఉన్నంతకాలం ఇంకో అప్‌డేట్ మొదలుపెట్టవద్దు. మీది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చటి పొడి పేరుకుంటుంది. మూత తీసి అది కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు (మహారాణిపేట)

సోమవారం సాయంత్రం రాస్తున్నాను. పొద్దున్న ల్యాబు ఎప్పటిలాగే తెరుచుకుంది, ఒక్క రిపోర్టు కూడా ఆలస్యం కాలేదు. మూత తీస్తే టెర్మినల్ నిజంగానే పచ్చబడి ఉంది సార్. యజమానికి ఫొటో చూపించాను, కొత్త బ్యాటరీకి, డిస్కుకు ఒప్పుకున్నారు. 197వ వరుస ఇంకా 8 దగ్గరే ఉంది. రీబూట్ ఈ రాత్రి బ్యాటరీ బిగించాక చేసి, లేచిందో లేదో ఇక్కడే రాస్తాను.