డిసెక్షన్‌కి ఒక్కోచోట ఒక్కో అర్థమా?

ప్రశ్న
డిశ్చార్జి సమ్మరీలు తెలుగులోకి మారుస్తున్నాను. ఒకదాంట్లో 'నెక్ డిసెక్షన్', ఇంకోదాంట్లో 'అయోర్టిక్ డిసెక్షన్ టైప్ బీ' అని ఉంది. నిఘంటువు చూస్తే విచ్ఛేదనం, కోసి పరీక్షించడం అంటోంది. ఇద్దరూ బతికున్న పేషెంట్లే! ఏం రాయాలి?

అనాటమీ ట్యూటర్
విచ్ఛేదనం శవాలపై పాఠాలు చెప్పే మా హాల్లో చెల్లుతుంది, మీ కాగితంలో చెల్లదు. అసలు మా దగ్గరా కోత తక్కువ, విడదీయడం ఎక్కువ. ఫార్మాలిన్ ఎక్కించిన శవం మీద బ్లేడు పని దాదాపు చర్మంతో సరి. ఆ తర్వాత ఆర్టరీ ఫోర్సెప్స్ (కత్తెరలాంటి పట్టకారు) మూసి కొవ్వులోకి దించి, లోపల మొనలు తెరుస్తాం. కొవ్వు పాయలుగా విడిపోయి నరం బయటపడుతుంది. నరం సాగే దిశలోనే తెరవాలి, అడ్డంగా తెరిస్తే సన్న కొమ్మలు తెగిపోతాయి. ఫస్టియర్ వాళ్లు బ్లేడు లోతుగా దించి, పైపైనే ఉండే నరాలను చర్మంతోపాటే లేపేస్తుంటారు.

హెడ్ అండ్ నెక్ సర్జన్
నెక్ డిసెక్షన్‌కి 'మెడలోని లింఫు గ్రంథుల తొలగింపు' అని రాసేయండి. ఎక్కువగా నోటి క్యాన్సర్‌లో, గ్రంథుల్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీసేస్తాం. ముందున్న విశేషణం మాత్రం వదలొద్దు. 'రాడికల్' అంటే మెడ పక్క కండరం, లోపలి జుగులర్ సిర, స్పైనల్ యాక్సెసరీ నరం మూడూ పోయినట్టు. 'మోడిఫైడ్' అంటే వీటిలో కనీసం ఒకటి మిగిల్చినట్టు. ఆ నరం పోతే భుజం జారిపోతుంది, చెయ్యి పక్కనుంచి తలపైకి ఎత్తడం కష్టం. ఫిజియోథెరపీ వాళ్లు ముందు వెతికేది ఆ మాటే.

కార్డియాలజీ
అయోర్టిక్‌లో కోసినవాళ్లే ఉండరు. బృహద్ధమని (అయోర్టా, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) గోడకు మూడు పొరలు. లోపలి పొర చిరిగితే రక్తం మధ్య పొరలోకి దూరి, గోడను రెండుగా విడదీసుకుంటూ పోతుంది. ముఖ్య కారణం అదుపులో లేని బీపీ. 'బృహద్ధమని గోడ పొరలు విడిపోవడం' అనండి. 'పగిలింది' అంటే అది రప్చర్, ఇంటివాళ్లు హడలిపోతారు.

ఏ, బీ అక్షరాలు అలాగే ఉంచండి. గుండె నుంచి పైకెళ్లే భాగంలో ఉంటే ఏ, అది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన కేసు. ఆ భాగం బాగుండి కిందికి దిగే భాగంలో ఉంటే బీ. చిక్కులేమీ లేకపోతే బీపీ, గుండె వేగం తగ్గించే మందులతోనే నడిపిస్తారు.

ప్రశ్న అడిగినవారు
మరి పోస్టుమార్టం?

అనాటమీ ట్యూటర్
అందులోనూ కోత ఉంటుంది గానీ అది చావుకి కారణం తేల్చడానికి. దానికి 'శవపరీక్ష' ఉండనే ఉంది.