పొగ ఎక్కువ వదులుతాయని పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్సు దెబ్బ మీలో ఎవరికి తగిలింది?

తోతాపురి లారీ, బంగారుపాళెం
నా లారీకి పద్నాలుగేళ్లు. సీజన్‌లో తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతాను. ఒక్కోసారి గేటు ముందు వరుసలోనే రెండు రాత్రులు గడిచిపోతాయి. ఏడాదికి 200 రూపాయలుండే గ్రీన్ ట్యాక్సు వేలల్లోకి ఎగబాకినప్పుడు, అది కట్టందే బండి తిరగడానికి కావలసిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) రాదన్నారు. ఆ ఏడు క్లీనర్‌ను మాన్పించి కట్టాను. 2025లో పన్నెండేళ్లు దాటిన బండికి 3,000కు తగ్గించారు, సంతోషమే. ఆ క్లీనర్ కుర్రాడు మాత్రం అప్పటికే బెంగళూరు చేరాడు.

కొర్లగుంట ఆటో, తిరుపతి
అన్నా, నేను డీజిల్ ఆటో అమ్మి కరెంటు ఆటో కొన్నాను. రోజు ఖర్చు బాగా తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ మాది అద్దె ఇల్లు. మీటరు గిర్రున తిరుగుతోందని ఇంటాయన వైరు పీకేశాడు. తెల్లవారుజామున భక్తులు రైలు దిగే వేళకు స్టేషన్ దగ్గర ఉండాల్సినవాడిని, ఛార్జింగ్ దగ్గర కూర్చుంటున్నాను.

ఎకనామిక్స్ పిచ్చి, తిరుపతి
పది లారీలున్న ఆసామి కొత్త బండ్లు కొని ఈ పన్ను తప్పించుకుంటాడు. ఒకే పాత బండి ఉన్నవాడు దొరికిపోతాడు. నన్నడిగితే, వసూలైన డబ్బు ఎటు పోతోందో చూడాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో కార్బన్ పన్ను, అంటే పెట్రోలు, డీజిల్ లాంటివి కాల్చితే వచ్చే కాలుష్యంపై పన్ను, వేసినప్పుడు ఆదాయపు పన్ను తగ్గించి, తక్కువ ఆదాయం వారికి నగదు ఇచ్చింది. జర్మనీ 1999లో ఇంధన పన్ను పెంచి, ఆ డబ్బుతో యజమానులు, ఉద్యోగులు కట్టే పెన్షన్ చందాలు తగ్గించింది. మనిషిని పనిలో పెట్టుకోవడం యజమానికి కాస్త చవకైంది. ఫ్రాన్స్‌లో 2018లో డీజిల్‌పై పన్ను భారం పెరుగుతుంటే జనం పసుపు చొక్కాలు తొడుక్కుని రోడ్డెక్కారు. మన దేశంలో బొగ్గుపై వేసిన సెస్సు (అదనపు పన్ను) సంగతి మరీ విచిత్రం. 2010లో టన్నుకు 50 రూపాయలు, 2016కల్లా 400. శుద్ధ ఇంధనం కోసమని మొదలుపెట్టి, 2017లో జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు తగ్గే ఆదాయానికి ఇచ్చే పరిహారానికి మళ్లించారు.

తోతాపురి లారీ, బంగారుపాళెం
ఇంతకీ మా క్లీనర్‌కు అందులో ఏమైనా ముట్టిందా సార్?

ఎకనామిక్స్ పిచ్చి, తిరుపతి
లేదు. పాత బండిని తుక్కుకు ఇస్తే కొత్తదాని రోడ్డు పన్నులో 15 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధన ఉంది. అడిగి చూడండి.

తోతాపురి లారీ, బంగారుపాళెం
రాయితీ సరే, కొత్త లారీకి నెలనెలా కంతు ఎక్కడి నుంచి తేను? ముందు ఈసారి కాయ ధర తేలనివ్వండి.