అన్నిటికీ ‘భాగస్వామ్యం’ ఒక్కటే సరిపోతుందా?

పార్ట్‌నర్‌షిప్, అలయన్స్, కొలాబరేషన్, టైఅప్... వీటికి తెలుగులో ఏం రాయాలని పొద్దున మన గ్రూపులో ఒక సభ్యురాలు అడిగారు. బస్తీ మహిళా సంఘాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థ కరపత్రం కోసమట. వచ్చిన జవాబులన్నీ ‘భాగస్వామ్యం’ దగ్గరే ఆగాయి. హైదరాబాద్‌లో అనువాదాల మీద బతుకుతున్న మనిషిగా నేను దీనికి ఒప్పుకోలేను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

భాగస్వామ్యం బరువైన మాట. 1932 నాటి భాగస్వామ్య చట్టం లెక్కన, వ్యాపారం చేసి లాభం పంచుకుందామని ఒప్పుకున్నవాళ్లే భాగస్వాములు. సంస్థ బాకీలకు అందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడిగానూ బాధ్యులే అంటుంది అందులోని 25వ సెక్షన్. బేగంబజార్‌లో ఇద్దరు పొత్తున కొట్టు పెట్టారనుకోండి. కొట్టు కోసం ఒకరు అరువు తెచ్చిన సరుకుకు అప్పులవాడు రెండోవారి గడప కూడా తొక్కొచ్చు. పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు 2008లో వేరే చట్టం వచ్చింది ఇందుకే. మరి బడికి నోటు పుస్తకాలు పంచిన సంస్థకు ఈ మాట ఎందుకు? అక్కడ పంచుకునే లాభమూ లేదు, మోసే అప్పూ లేదు. ‘ఫలానా వారి తోడ్పాటుతో’ అంటే నిండుగా ఉంటుంది.

జాయింట్ వెంచర్ అని ఉన్నది ఉన్నట్టు రాద్దామా అంటే, మన ఊళ్లో వెంచర్ అంటే ప్లాట్లు. శంకర్‌పల్లి వెంచర్, షాద్‌నగర్ వెంచర్ అనే అందరి నోటా. ఇద్దరు రియల్టర్లు కలిసి లేఅవుట్ వేశారనుకుంటారు చదివినవాళ్లు. రెండు కంపెనీలు కలిసి మూడోది పెడితే ‘ఉమ్మడి సంస్థ’ అనండి, గొడవ ఉండదు.

అలయన్స్ దగ్గర నిదానంగా ఆలోచించాలి. ఇంగ్లీషు పేపర్ల పెళ్లి ప్రకటనల్లో అలయన్స్ అంటే సంబంధం. ఇది మనవాళ్లు కల్పించిన వాడుక కాదు. రాజవంశాలు పిల్లనిచ్చి పుచ్చుకోవడమనే అర్థం ఇంగ్లీషులో ఆ మాటకు తొలినుంచీ ఉంది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం ‘కట్టడం’. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని మనవాళ్లు అన్నది ఇలాంటి ముడి గురించే.

సమవుజ్జీ కానప్పుడు ఏమవుతుందో చూడాలంటే ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఉన్న కోఠీ రెసిడెన్సీ భవనం ముందు నిలబడితే తెలుస్తుంది. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సబ్సిడియరీ అలయన్స్ కుదుర్చుకున్నాడు. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన దళాలను తీసేయాలి, కంపెనీ పటాలాలను తన ఖర్చుతో పోషించాలి. రెండేళ్లకు, 1800లో, ఆ ఖర్చు కింద బళ్లారి, కడప సీమలు కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్త మండలాలు, 1928 నుంచి రాయలసీమ. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ‘సైన్య సహకార పద్ధతి’ అంటాయి. సహకారమనే మాట నాకు మింగుడుపడదు. ఇద్దరూ ఇష్టపడి చేయి వేస్తేనే అది సహకారం. ‘అధీన మైత్రి’ అంటే జరిగిన సంగతి కొంతైనా తెలుస్తుంది.

పార్టీల విషయంలో మన పత్రికల వాడుక ఇంగ్లీషు కన్నా తేటగా ఉంది. పొత్తు అంటే ఇద్దరి మధ్య ఉండేది: కుదురుతుంది, వికటిస్తుంది, తెగుతుంది. కూటమి అంటే పొత్తుల వల్ల ఏర్పడిన గుంపు: అందులో చేరతారు, బయటికొస్తారు. 2009లో తెదేపా, తెరాస, సీపీఐ, సీపీఎం కలిసినప్పుడు అది మహాకూటమి. ఇంగ్లీషులో ఈ రెంటికీ అలయన్స్ ఒక్కటే. పాత తెలుగులో ‘పొత్తున కుడవడం’ అంటే కలిసి భోంచేయడం. కంపెనీ అనే మాట కూడా లాటిన్‌లో ‘కలిసి’, ‘రొట్టె’ అన్న రెండు మాటల నుంచే పుట్టింది.

కొలాబరేషన్‌కు పరిశోధనలోనైనా కళల్లోనైనా ‘కలిసి చేసిన పని’ అని విప్పి రాయడమే మేలు. అయితే కొలాబరేటర్‌తో జాగ్రత్త. 1940లో ఫ్రాన్స్ నాజీల చేతికి చిక్కాక, శత్రువుకు సాయపడినవాడికి ఆ పేరు పడింది, ఇప్పటికీ ఆ మచ్చ పోలేదు. అలాంటి చోట మనకు ‘కుమ్మక్కు’ ఉంది. ఫార్సీలో కుమక్ అంటే సాయం, అదనపు సైన్యం. అంత మంచి మాట తెలుగులోకొచ్చి లోపాయకారీ పనులకు అతుక్కుపోయింది. కాబట్టి దాన్ని కొల్యూజన్‌కు, అంటే లోలోపల కలిసి చేసే మోసానికి, నిస్సంకోచంగా వాడండి.

టైఅప్‌కు ‘ఒప్పందం కుదుర్చుకుంది’ చాలు. ‘చేతులు కలిపింది’ కూడా నడుస్తుంది గానీ, వ్యాపార పేజీలో ప్రతి శీర్షికకూ అదే తగిలిస్తే విసుగొస్తుంది.

కింద ఒకరు అఫిలియేషన్ సంగతేమిటన్నారు. ఉస్మానియా అనుబంధ కళాశాలలని ఎప్పటినుంచో అంటున్నాం, అదే ఉంచండి. దాని లాటిన్ మూలానికి ‘కొడుకుగా చేసుకోవడం’ అని అర్థం. దత్తత కళాశాల అంటే బాగుండేది కదా అని ఇంకొకరు రాశారు. వద్దండీ. ఇప్పటికే ప్రభుత్వ బళ్లను సంస్థలు దత్తత తీసుకుంటున్నాయి, అది వేరే ఏర్పాటు. రెండూ కలిస్తే తికమకే.

ఇక కరపత్రం వాక్యం. ‘బస్తీ మహిళా సంఘాలతో కలిసి పనిచేస్తున్నాం’ అని రాయమని నా సలహా. ఆ సంఘాల ఆడవాళ్లకు చదివి వినిపిస్తే వెంటనే అర్థమయ్యే వాక్యం అది.