రెండున్నరేళ్ల బక్‌ని (మగ జింకని) కొట్టడం తప్పా? దవడ తెచ్చాను, మీరే చెప్పండి

కొల్లేటి కొంగ:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో, ఫేయెట్ కౌంటీలో ఆరుగురం కలిసి వేట కోసం ఒక రాంచ్ లీజుకి తీసుకున్నాం. నలుగురు ఇక్కడివాళ్లు, నేను, మా బావమరిది. నవంబరు రెండో వారంలో నా మొదటి తెల్లతోక బక్ పడింది. కొమ్ములకి ఎనిమిది పాయింట్లు (మొనలు), రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 14 అంగుళాలు. మా కౌంటీలో 13 ఉంటే చాలు, కాబట్టి చట్టంతో ఏ పేచీ లేదు.

పేచీ లీజులోనే మొదలైంది. దాన్ని వేలాడదీసి తోలు ఒలుస్తుంటే మా లీజు పెద్దాయన వచ్చి ఒక్క చూపు చూసి, "రెండున్నర. ఇంకో రెండేళ్లు వదిలేస్తే ఎంత బక్ అయ్యేదో" అని వెళ్లిపోయారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. లీజు కాగితంలో వయసు గురించి ఒక్క ముక్క కూడా లేదు మరి. (కొత్తవాళ్లకి: ఇక్కడ జింకపిల్లలు వేసవి మొదట్లో పుడతాయి, వేట నవంబరులో. అందుకే ఏ వయసు చెప్పినా చివర "న్నర" తగులుతుంది.)

రెండో గొడవ ఇంట్లో. 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌తో 110 గజాల నుంచి కొట్టాను. కాస్త నావైపు తిరిగి నిలబడింది. ముందు జబ్బ మీదే పెట్టాను. నలభై గజాలు పరిగెత్తి పడిపోయింది. కానీ ఆ వైపు జబ్బ మాంసమంతా నెత్తురు గడ్డకట్టి సగం పారేయాల్సొచ్చింది. జబ్బ వెనక కొట్టాల్సిందని బావమరిది పోరు.

దవడ ఉడకబెట్టి శుభ్రం చేశాను. ఒక వైపు ఆరు దవడ పళ్లు. మూడో పంటికి రెండు మొనలు. నాలుగో పంటి మీద తెల్ల అంచు, మధ్యలో గోధుమరంగు గీత దాదాపు సమానంగా ఉన్నాయి. బయట నుంచి ఒళ్లు చూసి వయసు చెప్పడం నిజంగా కుదురుతుందా? కుదిరినా, వదిలేయాలా?

హిల్‌కంట్రీ మావయ్య:
తమ్ముడూ, శుభాకాంక్షలు ముందు. పద్నాలుగేళ్లుగా టెక్సస్‌లోనే లానో వైపు వేటాడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్తా. మీ పెద్దాయన చెప్పిన పద్ధతి తప్పు, మాట తప్పు కాదు.

కుదురుతుంది. అయితే కొమ్ములు చూడకూడదు. కొత్తవాళ్లందరం మోసపోయేది అక్కడే. మంచి తిండి దొరికిన రెండున్నరేళ్లదానికి, కరువులో పెరిగిన ఐదున్నరేళ్లదానికంటే పెద్ద కొమ్ములుండొచ్చు. ఒళ్లు చూడాలి. ఏడాదిన్నరది అచ్చం ఆడ జింకలా ఉంటుంది, తలమీద కొమ్ములు అతికించినట్టు. సన్నటి మెడ, పొడుగు కాళ్లు. రెండున్నరలో కూడా కాళ్లే పొడుగ్గా కనిపిస్తాయి, నడుము సన్నం. మూడున్నరకి రొమ్ము దిగుతుంది, పందెం గుర్రంలా తయారవుతుంది. నాలుగున్నర దాటితే మెడ ఎక్కడ ఆగి రొమ్ము ఎక్కడ మొదలైందో తెలియదు, కాళ్లు పొట్టిగా అనిపిస్తాయి. ఇంకా ముదిరితే పొట్ట జారి వెన్ను కిందికి వంగుతుంది. ఇదంతా నవంబరులో, జతకట్టే కాలంలో మెడ ఉబ్బినప్పటి లెక్క. సెప్టెంబరులో చూస్తే అన్నీ ఒక ఏడు చిన్నవిగానే కనిపిస్తాయి.

కొమ్ము పూర్తిగా ఎదగాలంటే ఐదారేళ్లు కావాలి. ఆరుగురూ కనిపించిందల్లా కొట్టేస్తే ఆ రాంచ్‌లో ఎప్పటికీ ముదురు బక్ ఉండదు. మామిడి పిందెలు కోసేసి పండ్లు రాలేదంటే ఎలా?

ఓరుగల్లు టు విస్కాన్సిన్:
మావయ్యా, పిందె కూడా పచ్చడికి పనికొస్తది కదా 🙂

నేను కొమ్ములు వండుకోను. ఏడాదికి రెండు జింకలు, అది నా ఇంటి మాంసం. రెండున్నరేళ్లదాని తొడ ఎంత లేతగా ఉంటదో తిన్నోళ్లకి తెలుసు. చట్టం 13 అంగుళాలంటే 13 అంగుళాలే. దానిమీద ఇంకో గీత గీసి, అది దాటినోడితో మాట్లాడకపోవుడు పెత్తనం తప్ప ఇంకేం కాదు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. మా రాష్ట్రంలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ 2002లో బయటపడింది. ప్రియాన్ అనే పాడైన ప్రోటీన్ వల్ల వచ్చే రోగం, జింక మెదడు పాడైపోయి చిక్కి చిక్కి చస్తది, మందు లేదు. రోగమున్న చోట ఆడవాటికంటే మగవాటిలో, అందులోనూ ముదురువాటిలో ఎక్కువ కనిపిస్తది. అంటే "వదిలెయ్, ముదరనీ" అనే మాట టెక్సస్‌లో ఒక రకం, మా కౌంటీలో ఇంకో రకం. మనుషులకి సోకినట్టు ఇంతవరకు రుజువు లేదు. అయినా పాజిటివ్ వస్తే తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తది. నేను తల టెస్టుకి ఇచ్చి రిజల్ట్ వచ్చేదాకా ఆ మాంసం పొట్లాల మీద వేరే రంగు టేపు వేస్తా.

ఆ బావమరిదిని నేనే:
ఆ బావమరిదిని నేనే. బావ రాయని విషయం: బ్లైండ్‌లో (వేటకి దాక్కునే గూట్లో) నేను పక్కనే ఉన్నాను, "ఆగు, తిరగనీ" అని మూడుసార్లు గొణిగాను. ఫీడర్ (మేత పెట్టె) దగ్గర మొక్కజొన్న తింటోంది, ఎక్కడికీ పోదు. ఇంకో నిమిషం ఆగితే పక్కకి తిరిగేది. జబ్బ వెనక ముడత మీద, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు. అక్కడ తగిలితే రెండు ఊపిరితిత్తులూ పోతాయి, పక్కటెముకల మీద పారేసేంత మాంసమే ఉండదు. ఆ జబ్బతో రెండు కిలోల కీమా అయ్యేది.

కొల్లేటి కొంగ:
మూడుసార్లు కాదు, ఒక్కసారే. అదీ చిప్స్ నములుతూ.

కడప పశువైద్యం:
నేను పశువైద్యుణ్ణి, ఇప్పుడు ఓక్లహోమాలో ఉంటాను. ముందు దవడ సంగతి.

మూడో పంటికి మూడు మొనలుంటే అది పాలపన్ను, ఏడాదిన్నర లోపుది. మీదానికి రెండే, అంటే పాలపన్ను ఊడి అసలు పన్ను వచ్చేసింది. ఇంతవరకు అనుమానం లేదు. తర్వాతదంతా అరుగుదల లెక్క. న్యూయార్క్‌లో సెవెరింగ్‌హాస్ 1949లో రాసిపెట్టిన పద్ధతి ఇది. నాలుగో పంటి మీద తెల్లటి ఎనామెల్ కంటే గోధుమరంగు డెంటిన్ సన్నంగా ఉంటే రెండున్నర, సమానమైనా వెడల్పైనా మూడున్నర, ఐదో పంట్లో కూడా అలాగే వెడల్పైతే నాలుగున్నర, అలా వెనక్కి పోతుంది. మీరు "దాదాపు సమానం" అంటున్నారు. నా చేతిలో పెడితే నేను మూడున్నర అనొచ్చు, నా పక్కాయన రెండున్నర అనొచ్చు.

అయితే అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఇసుక నేలలో మేసినదానికీ, మెత్తటి పంటచేలో మేసినదానికీ పళ్లు ఒకేలా అరగవు. మా దగ్గర నోబుల్ ఫౌండేషన్ వాళ్లు పుట్టిన ఏడు కచ్చితంగా తెలిసిన జింకల దవడలు తీసి, అనుభవమున్న బయాలజిస్టుల ముందు పెట్టారు. 2002లో అచ్చయిన ఆ పరిశీలనలో తేలిందేమిటంటే, పిల్ల, ఏడాదిన్నరది, అంతకంటే పెద్దది అనే మూడు కుప్పలే నమ్మకంగా వేయగలం. ఆపై అంచనాలు చాలా తప్పుతున్నాయి. పన్ను చేతిలో పట్టుకుని చెప్పేవాళ్లదే ఇంత కష్టమైతే, మసక వెలుతురులో వంద గజాల అవతల పొట్ట చూసి చెప్పేవాళ్ల మాట ఎంతవరకు పట్టించుకోవాలో మీరే ఆలోచించండి.

నిజంగా తెలుసుకోవాలంటే కింది దవడ ముందు పళ్లు రెండింటిని వేరుతో సహా పీకి ల్యాబ్‌కి పంపండి. మోంటానాలో చేస్తారు. వేరు చుట్టూ ఉండే సిమెంటం పొరలు చెట్టు వలయాల్లా లెక్కపెడతారు. వేరు విరగ్గొట్టకండి, పని అంతా ఆ కొసలోనే.

గుంటూరు బాణం:
షాట్ గురించి నా మాట. రైఫిల్‌తో మీరు చేసింది తప్పు కాదు. ఎదురు జబ్బ లోపలి అంచున పెడితే బుల్లెట్ ఏటవాలుగా గుండె, ఊపిరితిత్తుల మీదుగానే పోతుంది. కూర సంగతి వేరు, జంతువు బాధపడకుండా పోయింది. అదే నిలబాటులో నేను బాణం వేయను గాక వేయను. ఎముక తగిలితే అక్కడే ఆగిపోతుంది.

బాణంతో ఇంకో తలనొప్పి విల్లు చప్పుడు. శబ్దం సెకనుకి సుమారు 1,100 అడుగులు పోతుంది, నా కాంపౌండ్ విల్లు బాణం 280. ముప్పై గజాల్లో జింకకి చప్పుడు అందాక బాణం చేరడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆ లోపు అది పరుగుకి మోకాళ్లు వంచుతుంది, ఒళ్లు కిందికి దిగుతుంది, బాణం వెన్ను మీదుగా పోతుంది. అందుకే కింది మూడో వంతులో పెట్టాలి.

ఇంకొకటి చెప్పాలి, చెప్పుకోవడానికి బాగుండదు. నా రెండో సీజన్. సాయంత్రం, ఇరవై ఐదు గజాలు, మంచి లేడి. వదిలే క్షణంలో ఒక అడుగు ముందుకేసింది. బాణం డొక్కలో పడింది. నడుం వంచి, తోక దించుకుని, మెల్లగా నడుచుకుంటూ పోయింది. దిగి బాణం తీసి చూస్తే నెత్తురు తక్కువ, ఆకుపచ్చ గోధుమరంగు జిగురు. వాసన చూడక్కర్లేకుండానే తెలిసింది, పేగులు. ఆ గుర్తు కనిపిస్తే అక్కడి నుంచి చప్పుడు చేయకుండా వెనక్కెళ్లిపోయి పది పన్నెండు గంటలు ఆగాలి. అది దగ్గర్లోనే పడుకుని అక్కడే పోతుంది. నేను ఆగలేదు. వాన పడుతుందేమోనని టెన్షన్. అరగంటకే టార్చిలైట్ పట్టుకుని బయలుదేరాను. నూట యాభై గజాల దగ్గర పొదలోంచి లేచి పోయింది. లేచిన చోట నేల వెచ్చగా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. ఆ తర్వాత ఒక్క చుక్క లేదు. పొద్దున కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) తిన్నంత తినగా మిగిలింది దొరికింది.

అప్పటి నుంచి బాణం మీద రంగు చూడకుండా అడుగు కదపను. గులాబీరంగు, నురగ ఉంటే ఊపిరితిత్తి, అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపైతే కార్జం, నాలుగు గంటలు.

ప్లేనో పద్మ:
గుంటూరు గారూ, ఇది రాసినందుకు థాంక్స్. మా ఇంట్లో వేటాడేది నేను, వండేది ఆయన. బుల్లెట్ సంగతి ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నా. సీసం బుల్లెట్ జబ్బ ఎముకకి తగిలితే కంటికి కనిపించని తునకలు చుట్టూ మాంసంలోకి పోతాయి. 2008లో నార్త్ డకోటాలో ఆహార బ్యాంకులకి ఇచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీస్తే సీసం కనిపించి, ఉన్నదంతా పారేయమన్నారు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసమే వాడకూడదు. పిల్లలున్న ఇల్లు కాబట్టి నేను రాగి బుల్లెట్‌కి మారాను. ఖరీదు ఎక్కువే. వేగం తగ్గాక సరిగ్గా విచ్చుకోదు కాబట్టి దూరపు షాట్లు మానేశాను. కొల్లేటి గారూ, ఆ జబ్బ చుట్టూ ధారాళంగా కోసి పారేసి ఉంటే మంచి పనే చేశారు. బావమరిది గారి కీమా పోతే పోయింది.

కొత్త బిచ్చగాడు:
నేను హెచ్1బీ మీద ఉన్నాను. అసలు రైఫిల్ ముట్టుకోవచ్చా?

హిల్‌కంట్రీ మావయ్య:
ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ ఉంచుకోకూడదు, కానీ చెల్లే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. లైసెన్సు గడువు అయిపోయిన రోజు మినహాయింపూ అయిపోతుంది, జాగ్రత్త. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. కొనేముందు లాయర్‌ని అడగండి. డబ్బు రైఫిల్ మీద కాదు, స్కోప్ మీదా తుపాకీ ఆనించుకునే స్టాండ్ మీదా పెట్టండి.

శ్రీశైలం దారి:
మన దగ్గర జింకని ముట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. అక్కడికెళ్లి ఇదా?

హిల్‌కంట్రీ మావయ్య:
అక్కడ జైలు ఉండాల్సిందే, నేనూ ఒప్పుకుంటా. ఇక్కడ తోడేళ్లు, పులులు లేవు బాబూ, తుపాకీ లేకపోతే జింకలు పెరిగిపోయి ఆకలితో చస్తాయి, లేదా హైవే మీద. వింతేమిటంటే మన మచ్చల జింకనే 1932లో టెక్సస్ తెచ్చుకున్నారు. ఇప్పుడు హిల్ కంట్రీ (మా వైపు కొండప్రాంతం) నిండా అవే, సీజన్ లేదు, లిమిట్ లేదు. తెలంగాణ రాష్ట్ర జంతువు ఇక్కడ ఏడాది పొడవునా కొట్టుకునే జంతువు. నాకు మాత్రం చెయ్యి రాదు. ఎందుకో అడక్కండి.

కొల్లేటి కొంగ:
చాలా రోజులకి అప్‌డేట్. కడప గారి మాట విని ముందు పళ్లు ల్యాబ్‌కి పంపాను. మా పెద్దాయన కూడా ఆసక్తిపడి, ఈ సీజన్‌లో తను కొట్టిన పది పాయింట్ల బక్ పళ్లు అదే కవరులో పెట్టారు. దాన్ని ఐదున్నర అని లీజు పుస్తకంలో రాసుకున్నారు, తలని గోడకి పెట్టించడానికి ఇచ్చేశారు కూడా.

నిన్న రిపోర్టు వచ్చింది. నాది 2. అంటే రెండున్నర, ఆయన చెప్పిందే నిజం. ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

ఆయనది 3. ఆ లైను గురించి ఆయన ఏమీ అనలేదు. మా బావమరిది పెట్టిన వేట మాంసం పచ్చడి ఇంకో సీసా ఉందా అని మాత్రం అడిగారు.