24 గంటల లెక్క ఎప్పటి నుంచి మొదలవ్వాలి?

ప్రశ్న అడిగినవారు:
మా బాబాయి కొడుకుని ఒక కొట్లాట కేసులో మంగళవారం పొద్దున స్టేషన్‌కి తీసుకెళ్లారు. "చిన్న విచారణ, గంటలో పంపిస్తాం" అన్నారు. ఫోన్ తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. రాత్రయినా పంపలేదు. అరెస్టు మెమోలో మాత్రం బుధవారం సాయంత్రం 6 గంటలని రాశారు. గురువారం మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందుకు తెచ్చారు. అరెస్టు చేసినవాణ్ని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందుకు తేవాలి కదా, కాగితం మీద ఆ గడువు దాటలేదు. మరి అంతకు ముందు గడిచిన రోజున్నర ఏ లెక్కలోకి వస్తుంది?

జవాబు:
మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా చేశారు కాబట్టి చెబుతున్నాను. అడక్కుండా అరెస్టు చేస్తే తప్పంటారు, అడగడానికి పిలిస్తే అదే అరెస్టు అంటారు. తీసుకురాగానే మెమో రాస్తే, తర్వాత అమాయకుడని తేలినా అతని పేరు మీద అరెస్టు మచ్చ ఉండిపోతుంది. కొంచెం టైమ్ ఇవ్వాలండి.

ప్రశ్న అడిగినవారు:
మచ్చ గురించి మీరన్నది నిజమే. దానికి చట్టంలోనే దారి ఉంది కదండీ. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే నోటీసు ఇచ్చి పిలవాలి. పాత సీఆర్‌పీసీలోని 41ఏ నోటీసే ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35(3)లో ఉంది. అర్నేష్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు ఈ విషయం గట్టిగా చెప్పింది. నోటీసు మీద వచ్చినవాడు జవాబు చెప్పి సాయంత్రానికి ఇంటికెళ్తాడు. మా వాడు వెళ్లిపోతానంటే వెళ్లనిచ్చారా? వెళ్లనివ్వనప్పుడు దానికి విచారణ అని పేరు పెట్టినా అది నిర్బంధమే.

రాజ్యాంగం 22వ అధికరణలో ప్రయాణ సమయం పోగా 24 గంటలని ఉంది. ఆ లెక్క మనిషిని అదుపులోకి తీసుకున్నప్పటి నుంచే అని 2024లో తెలంగాణ హైకోర్టు కూడా చెప్పింది. సిబ్బంది తక్కువ, బందోబస్తు డ్యూటీలు ఎక్కువ, ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఆ భారం బెంచీ మీద కూర్చున్నవాడి మీద ఎందుకు పడాలి? ఇంట్లో పిన్ని రెండు రాత్రులు అన్నం ముట్టలేదు.

మేజిస్ట్రేటు గారు "ఎప్పుడు తీసుకొచ్చారు?" అని అడిగారు. వాడు పక్కనున్న ఎస్సై వైపు చూసి, మెమోలో ఉన్న టైమే చెప్పాడు. మళ్లీ వాళ్ల వెంటే వెళ్లాలనే భయం మరి. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని 2020లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. మెమోతో పాటు గేటు దగ్గరి రికార్డింగు కూడా కోర్టుకి పంపాలంటే మీకేమైనా అభ్యంతరమా?